కొబ్బరి చెట్టెక్కే యంత్రం కోనసీమ తోటకు ఎంతవరకు పనికొస్తుంది?

చెట్టెక్కి కాయలు కోసే దింపు మనిషి దొరకడం లేదన్న మాట ఇప్పుడు అంబాజీపేట నుంచి పాలకొల్లు దాకా ఏ కొబ్బరి రైతును కదిలించినా వస్తుంది. మానుకు చుట్టే మోకు, కాళ్లకు వేసుకునే బందంతో ఎక్కే పాతవాళ్లకు వయసు మీద పడింది. వాళ్ల పిల్లలు ఈ పనిలోకి రావడం తగ్గింది. నెలన్నరకో రెండు నెలలకో తీయాల్సిన దింపు మూడో నెలకు వెళ్లిందంటే ముదిరిన కాయలు వాటంతటవే రాలి, అరటి దుబ్బుల్లోనూ బోదెల్లోనూ పడి ఎవరి కంటా పడకుండా మొలకెత్తుతాయి. ఈ ఇబ్బందిలో ఉన్న రైతు చూపు చెట్టెక్కే యంత్రం మీద పడడం సహజం. కొనే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. దింపు పనిలో కాళ్లూ నడుమూ చేసే పని ఉంది, కళ్లూ కత్తి పట్టిన చెయ్యీ చేసే పని ఉంది. యంత్రం మొదటిదాన్ని బాగా తేలిక చేస్తుంది. రెండోదాన్ని ముట్టుకోదు, కొన్ని చోట్ల కష్టం కూడా చేస్తుంది. ఈ తేడా తెలిసి కొన్నవాళ్లకు అది పనికొస్తుంది. తెలియక కొన్నవాళ్ల ఇంట్లో అటక ఎక్కుతుంది.

దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. కూర్చుని ఎక్కేదాంట్లో పై చట్రం, కింది చట్రం ఉంటాయి. పై చట్రం మీద కూర్చుని కాళ్లతో కిందిదాన్ని పైకి లాక్కోవడం, దాని మీద నిలబడి చేతులతో పైదాన్ని జరపడం. భయం తక్కువ, ఆలస్యం ఎక్కువ, మోయడానికి బరువు. ఎక్కువగా కనిపించేది నిలబడి ఎక్కే రకం. కేరళలో కన్నూరు జిల్లా చెంపేరికి చెందిన ఎం.జె. జోసెఫ్ అనే రైతు తయారుచేసిన నమూనా అది. ఊరి పేరుతోనే చెంపేరి నమూనా అంటారు. ఇక్కడ చెప్పేదంతా ఈ రకం గురించే.

ఇందులో మోటారు లేదు, కరెంటు లేదు. కుడికాలికొకటి, ఎడమకాలికొకటి, రెండు విడి ఇనుప చట్రాలు. ఒక్కో చట్రానికి పైన చేతి పిడి, అడుగున పాదం పెట్టుకునే పెడల్, పాదం జారకుండా పట్టీ. చట్రం నుంచి బయల్దేరి మాను చుట్టూ తిరిగొచ్చి మళ్లీ చట్రానికే తగులుకునే ఉక్కు తీగల తాడు, ఆ తాడు మీద రబ్బరు తొడుగు. పెడల్ మీద బరువు పడితే తాడు మానును కరుచుకుంటుంది. బరువు తీసి చట్రాన్ని పైకి లేపితే వదులుతుంది. కుడి చెయ్యీ కుడి కాలూ కలిపి జానెడు లేపి తొక్కడం, తర్వాత ఎడమ చెయ్యీ ఎడమ కాలూ కలిపి లేపి తొక్కడం. చూడడానికి మెట్లెక్కుతున్నట్టే ఉంటుంది.

మోకు, బందంతో ఎక్కడంతో పోలిస్తే ఇది ఒంటికి చేసే మేలు చిన్నది కాదు. పాత పద్ధతిలో బరువంతా అరికాళ్ల మీద, ముంజేతుల మీద, ఒక్కోసారి ఛాతీ మీద పడుతుంది. గరుకు మానుకు ఒరుసుకుని చర్మం లేచిపోతుంది. కాయలు కాసిన అరికాళ్లు చూస్తే ఎన్నేళ్ల అనుభవమో చెప్పొచ్చు. యంత్రం మీద మనిషి మానుకు తగలకుండా నిటారుగా నిలబడతాడు. అలసిపోతే ఎక్కడైనా ఆగి ఊపిరి తీసుకోవచ్చు. ఎప్పుడూ చెట్టెక్కని మనిషి కూడా నేర్చుకోగలడు. కేరళలో ఆడవాళ్లు నేర్చుకుని దింపు పనికి వెళ్తున్నారు. ఎక్కడం, దిగడం అనే ఒక్క పనికి దీనికి అయిదుకు నాలుగు మార్కులు వేయొచ్చు.

అయితే దీనికి కావాల్సిన నేర్పు వేరు. కండబలం ఉంటే చాలనుకోవడం పొరపాటు. కావాల్సింది బరువును ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు పూర్తిగా మార్చగలగడం. లేపబోయే కాలి మీద కొంచెం బరువు మిగిలినా తాడు మానును వదలదు. కొత్తవాళ్లు ఇక్కడే తప్పుచేస్తారు. తాడు రావడం లేదని చేత్తో గుంజుతారు, రెండు చెట్లకే భుజాలు పడిపోతాయి, యంత్రం బరువెక్కువని తీర్పు చెప్తారు. చెయ్యాల్సింది నడుమును తొక్కిన కాలి వైపు నాలుగు వేళ్లు జరపడం. అలా జరిపితే రెండో చట్రం దానంతటదే తేలికవుతుంది, చెయ్యి దానికి దారి చూపిస్తే చాలు. మోకాలు నిటారుగా బిగబట్టకూడదు, కొద్దిగా వంచి ఉంచాలి. పిడిని గట్టిగా పిసికి పట్టుకుంటే ముంజేతులు తొందరగా పట్టేస్తాయి. కళ్లు తిరిగే జబ్బు, మూర్ఛ, అదుపులో లేని రక్తపోటు, మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. ముందు రాత్రి తాగి నిద్ర చాలని మనిషిని ఆ రోజు చెట్టు దగ్గరకు రానివ్వకూడదు.

బిగించడం దగ్గర చూపించే శ్రద్ధే సగం భద్రత. మన దేశవాళీ పొడుగు చెట్టుకు మొదట్లో ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బు మీద తాడు కడితే పైకి రాగానే ఒక్కసారిగా వదులైపోతుంది, అందుకని ఉబ్బు దాటాక బిగించాలి. అంత ఎత్తు అందకపోతే చిన్న నిచ్చెనో బలమైన పీటో వేసుకోవాలి. ముందు ఒక చట్రం పైన, దాని తాడుకు కిందుగా రెండోది. ఒకే మానును చుట్టుకున్న తాళ్లు కాబట్టి చెట్టు మీద అవి ఒకదాన్నొకటి దాటవు. పైది ఎప్పుడూ పైనే, కిందిది కిందే. అది మరచి రెండోదాన్ని మొదటిదాని మీదకు తోస్తే రెండూ చిక్కుకుంటాయి. తాడు మెలిపడకుండా చూసుకోవాలి. తగిలించాక నేలకు అడుగు ఎత్తులోనే నిలబడి, ఒక్కో కాలి మీద పూర్తి బరువు వేసి రెండుసార్లు కుదిపి చూడాలి. జారేదైతే అక్కడే జారాలి.

అసలు చిక్కు మాను పైకి వెళ్లేకొద్దీ సన్నబడడంలో ఉంది. కింద సరిగ్గా సరిపోయిన తాడు పైన వదులవుతుంది, పెడల్ ముందుకు వాలుతుంది, పాదం జారుతున్నట్టు అనిపిస్తుంది. నడి చెట్టు మీద ఆగి తాడు కుదించుకోవాల్సి వస్తుంది. విడిగా మాను చుట్టూ వేసుకున్న సేఫ్టీ బెల్టు లేకుండా ఆ పని చేయకూడదు. దిగేటప్పుడు ఇదే కథ తిరగబడుతుంది. పైన కుదించిన తాడు కిందికి వచ్చేకొద్దీ మానుకు పట్టేసి కదలనంటుంది. దిగేవాడికి పెడల్ కనిపించదు, నేల మాత్రం కనిపిస్తుంది, కంగారులో బలంగా తన్నుతాడు. ఈ యంత్రంతో ఎక్కడం కన్నా దిగడం కష్టమని నేర్పేవాళ్లు మొదటి రోజే చెప్పాలి. తాడు ఎక్కడ కుదించారో అక్కడికి తిరిగి రాగానే మళ్లీ ఆగి వదులు చేసుకోవడం అలవాటు కావాలి.

చెంపేరి నమూనాకు కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ భద్రత కోసం అదనపు అమరికను తయారుచేసింది. కొనేటప్పుడు బెల్టు, ఆ అమరిక ఉన్న సెట్టే అడగాలి. ధరలో తేడా చూసుకుని ఉత్త చట్రాలు తెచ్చుకోవడం ఏ లెక్కన చూసినా తప్పే. బెల్టును కూడా పైకి వెళ్లాక కాదు, నేల మీదే తగిలించుకుని, ప్రతి నాలుగైదు అడుగులకూ పైకి జరుపుకుంటూ వెళ్లాలి.

ఏ చెట్టుకు వాడొచ్చు? 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని నేలకేసి కొట్టింది. ఆ తర్వాత వేసిన తోటలు ఇప్పుడు ముప్పై ఏళ్ల వయసులో, వరసగా, నిటారుగా ఉన్నాయి. యంత్రానికి అచ్చంగా సరిపోయేవి అవే. కాలవ గట్ల మీద నీటి వైపు వంగిన చెట్లకు ఇది పనికిరాదు. వంగిన మాను మీద చట్రం ఒక పక్కకు తిరిగిపోతుంది, ఒక తాడు మీదే బరువంతా పడుతుంది. అలాంటి చెట్టుకు వంపు పైభాగం మీదుగా పాకే పాత చేయే దిక్కు. గంగాబొండం లాంటి పొట్టి రకాలకు యంత్రం అక్కర్లేదు, నిచ్చెన చాలు. మధ్యస్థంగా ఉన్న చెట్లకు కత్తి కట్టిన వెదురు గెడతో కింద నుంచే కోస్తారు. నేర్పున్న చేతికి అది యంత్రం కన్నా చురుకైన పని, కానీ గెల ముదిరిందో లేదో కింద నుంచి చూసి చెప్పగలగాలి. మాను మీద నాచు పట్టే వానాకాలంలో, చెట్టు తడిగా ఉన్న పొద్దుట పూట, రబ్బరు తొడుగు ఉన్నా తాడు జారుతుంది. ఎండ తగిలి మాను ఆరాకే ఎక్కాలి. కరెంటు తీగలు చెట్టు తలకు దగ్గరగా ఉన్న చోట యంత్రమైనా లోహపు గెడైనా ప్రాణాంతకమే. లైను ఆపించకుండా అక్కడ ఏ పనీ పెట్టుకోకూడదు.

పైకి చేరాక మొదలయ్యేదే అసలు దింపు పని.

కొబ్బరి చెట్టు నెలకో గెల వేస్తుంది. ఏడాదికి పన్నెండు, బాగా కాసే చెట్టైతే పద్నాలుగు. అప్పుడే విచ్చిన పొత్తి దగ్గర నుంచి ముదిరిన గెల దాకా అన్ని వయసులవీ ఒకే తలలో ఎప్పుడూ ఉంటాయి. ఆరేడు నెలలది బొండం. పీచు కోసమైతే పది పదకొండు నెలల పచ్చికాయ. ఎండు కొబ్బరికి పదకొండు దాటాలి. అటక మీద కాయలోనే ఎండనిచ్చే కురిడీకి పన్నెండు నిండాలి. పైన ఉన్న మనిషి అరనిమిషంలో ఈ లెక్క తేల్చాలి. గెలలో కనీసం ఒక కాయైనా పచ్చదనం వదిలి ఎండు రంగుకు తిరగడం మొదలైతే ఆ గెల కోతకు వచ్చినట్టు. అనుమానం ఉంటే కత్తి వెనక అంచుతో తట్టి చూస్తారు. లేతకాయకూ ముదురుకాయకూ మోత తేడా చెవికి తెలుస్తుంది. బాగా ముదిరిన కాయను ఊపితే లోపల నీరు అటూ ఇటూ తగిలిన చప్పుడు వస్తుంది, లేతకాయ నీటితో నిండుగా ఉంటుంది కాబట్టి చప్పుడు చేయదు. యంత్రం ఎంత మంచిదైనా ఈ చెవిని ఇవ్వదు.

ఈ ఒక్క నేర్పు లేకపోతే ఎక్కడ నష్టమో చూడండి. పది నెలల గెలను ముదిరిందనుకుని దించితే నీటికాయగా అమ్ముడుపోవచ్చు. దాన్నే కురిడీకని అటక మీద పోస్తే ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా ఆగి, చివరికి ముడతలు పడి రబ్బరులా సాగే కొబ్బరి చేతికొస్తుంది. గండేరా, గటగటా అని రకం కట్టి వెయ్యి కాయల లెక్కన ధర పలికే చోట ఆ సరుకును పక్కన పెడతారు. ఎత్తు నుంచి గట్టి నేల మీద పడ్డ కాయకు చిప్పలో వెంట్రుకంత చీలిక వచ్చినా అంతే. బయటికి కనిపించదు, అటక మీద నీరు కారి లోపల కుళ్లుతుంది. కురిడీకీ, విత్తనానికీ ఉంచే కాయలను తాడు కట్టి దించడం అందుకే. యంత్రం మీద మనిషికి నిలబడే ఆధారం ఉంది కాబట్టి తాడుతో దించే పని మోకు మీదకన్నా తేలిగ్గా అవుతుంది. ఈ మేలును వాడుకునేవాళ్లు తక్కువ.

చెట్టు తలలో యంత్రం తెచ్చే ఇబ్బంది మాత్రం పెద్దది. మోకుతో ఎక్కినవాడు చివరి మూరలో మోకు విప్పి మట్టల మధ్యలోకి దూరతాడు. ఒక మట్ట మొదలు మీద కూర్చుంటే నాలుగు పక్కలా గెలలు చేతికందుతాయి, కోసినది తన కాళ్ల కిందుగా పోతుంది. యంత్రం మీద మనిషి మట్టలకు కిందే ఆగిపోతాడు. వేలాడే గెలలూ ఎండు మట్టలూ తాళ్లకు అడ్డం. గెల తలకు ఎదురుగానో తలకు పైనో ఉంటుంది. కాడ కోస్తే కాయలు అతని భుజం మీదుగా, మోకాళ్ల మీదుగా, చట్రాన్ని కొట్టుకుంటూ పడతాయి. దాన్ని తప్పించే పద్ధతి ఒక్కటే. ముందుగా వేలాడే ఎండు మట్టను పక్కకు లాగి, తన వైపు ఊగి రాకుండా కోసి వదలాలి. తర్వాత ఎదురుగా ఉన్న గెలను వదిలేసి, పక్కన చెయ్యి చాపితే అందే గెలను కోయాలి. ఒక్కో చట్రాన్ని కొద్దిగా లేపి నాలుగు వేళ్లు పక్కకు జరుపుతూ మాను చుట్టూ తిరగాలి. మొత్తం గెల ఒకేసారి కోయాలన్న పట్టింపు వద్దు, రెండు మూడు కాయలుగా కోసినా సరే. ఇదంతా చేస్తే ఆలస్యమవుతుంది. చేయకపోతే దెబ్బ తగులుతుంది.

ఆలస్యం తప్పించుకోవాలని కొందరు అడ్డొచ్చిన పచ్చి మట్టలు కొట్టేస్తారు. ఈ అలవాటు తోటకు చేటు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు తలలో ముప్పై నుంచి నలభై మట్టలుంటాయి. ప్రతి గెలా తన కింద ఉన్న మట్ట మీద ఆనుకుని బరువు మోపుతుంది. ఆ మట్ట పోతే గెల కాడ విరిగి వేలాడుతుంది, కాయలు ముదరకుండా రాలుతాయి. పైగా పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. పచ్చి మట్ట కొట్టక తప్పని చోట మానుకు 120 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగులు వదిలి కోయాలి. ఆ మొదలు ఎండేలోపు పురుగు మానులోకి చేరలేదు. ఎక్కడానికి వీలుగా మాను మీద గంట్లు పెట్టడం కూడా ఇదే కారణానికి మానుకోవాలి. ఆ అవసరం లేకుండా చేయడం యంత్రానికి ఉన్న మంచి గుణాల్లో ఒకటి.

ఇంకో సంగతి రైతులే ఎక్కువగా మరచిపోతారు. చెట్టు తల దగ్గరకు మనిషి వెళ్లేది దింపు రోజే. నలభై అయిదు రోజులకో దింపు అనుకుంటే ఏడాదికి ఎనిమిదిసార్లు. ఆ ఎనిమిదిసార్లలో పురుగునూ తెగులునూ గుర్తుపట్టగల కన్ను పైకి వెళ్తే తోట బతుకుతుంది. కొత్త ఆకులు కత్తెరతో విసనకర్రలా కత్తిరించినట్టు వస్తే కొమ్ము పురుగు. తల నడిమి చిగురైన మొవ్వు దగ్గర కన్నంలో నమిలిన పీచు కనిపిస్తే అది ఇంకా లోపలే ఉంది, ఇనుప కొక్కెంతో గుచ్చి బయటకు లాగాలి. లేత చెట్లలో లోపలి మూడు మట్టల సందుల్లో ఒక్కొక్కటి చొప్పున మూడు నాఫ్తలిన్ గోళీలు పెట్టి నలభై అయిదు రోజులకోసారి మార్చాలి. దింపు తిరిగే రోజులే దీనికీ సరిపోతాయి. మానులో కన్నాల నుంచి గోధుమరంగు జిగురు కారుతూ పీచు బయటకు తోసినట్టుంటే ఎర్రముక్కు పురుగు. మధ్య మొవ్వాకు పసుపెక్కి, పట్టి లాగితే తేలిగ్గా ఊడొచ్చి, మొదట్లో దుర్వాసన కొడితే మొవ్వు కుళ్లు. కుళ్లిన భాగం శుభ్రంగా గీకి, 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం లీటరు నీటికి కలిపిన బోర్డో పేస్టు పూయాలి. సర్పిలాకార తెల్లదోమకు మాత్రం ఎవరూ ఎక్కనక్కర్లేదు. ఆకు అడుగున తెల్లటి చుట్టలూ, పైన నల్లటి బూజూ కింద నుంచే కనిపిస్తాయి.

యంత్రం మీద నుంచి మొవ్వు దాకా చూపు ఆనడం కష్టం. మట్టల గొడుగు కిందే ఆగిన మనిషికి తల లోపలి భాగం కనిపించదు. అందుకే తలలో పనికి ఈ యంత్రానికి అయిదుకు రెండు మార్కుల కన్నా ఎక్కువ ఇవ్వలేం. పురుగు పట్టిన తోటలో, లేదా ఏడాదికి ఒకసారి తల శుభ్రం చేయించేటప్పుడు, మోకుతో ఎక్కే పాత దింపు కార్మికుణ్ణే పిలవాలి. కూలి ఎక్కువ అడిగినా ఇవ్వాలి. అతను అడుగుతున్నది ఎక్కినందుకు మాత్రమే కాదు, చూసి చెప్పినందుకు కూడా. ఈ తేడా గుర్తించకుండా అందరికీ చెట్టు లెక్కన ఒకే రేటు కట్టడం వల్లే మంచి పనివాళ్లు పని వదిలేశారు.

వేగం సంగతి. ఒక మనిషి చెట్టు మొదట్లో యంత్రాన్ని బిగించాలి, దిగాక విప్పాలి, పక్క చెట్టుకు మోయాలి. ఈ మూడింటికీ కలిపి చెట్టుకు మూడు నిమిషాలే పట్టిందనుకోండి. ఎనిమిది మీటర్ల ఎడంలో వేసిన తోటలో ఎకరాకు 63 చెట్లు, అంటే ఎక్కడం కోయడం కాకుండా మూడు గంటల పైనే. బందం కాళ్లకు వేసుకునే వాడికి ఈ ఖర్చు లేదు. అంతరపంటగా కోకో, కంద, అరటి ఉన్న చోట చెట్టు మొదట్లో నిలబడి చట్రాలు తిప్పుకునే చోటు కూడా చాలదు. కాబట్టి పెద్ద తోట, పనిచేసే పాత ముఠా ఉన్న రైతు దీన్ని కొని వాళ్ల చేతిలో పెడితే వాళ్లు రెండో రోజే పక్కన పడేస్తారు, అందులో తప్పు లేదు. దీనివల్ల నిజంగా మేలు పొందేవాళ్లు వేరు. పెరట్లో పది ఇరవై చెట్లుండి, అంత కొద్ది పనికి దింపు మనిషి రానంటున్న ఇళ్లవాళ్లు. ఊళ్లో ఇంటింటి చెట్లు దించిపెట్టే పనిని బతుకుతెరువు చేసుకోవాలనుకునే ఇద్దరు ముగ్గురు యువకులు. వీళ్లకు యంత్రం కన్నా ముందు శిక్షణ కావాలి.

కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కొబ్బరి చెట్టు స్నేహితులు అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇరవై మంది చొప్పున ఆరు రోజుల శిక్షణ. యంత్రంతో ఎక్కడంతో పాటు పురుగులూ తెగుళ్లూ, తల శుభ్రం చేయడం, కాయ ముదురు గుర్తించడం కూడా నేర్పడం ఇందులో మంచి సంగతి. చెట్టెక్కేవాళ్ల కోసం కేర సురక్ష అనే బీమా పథకం కూడా ఆ బోర్డుకు ఉంది. మన వైపు బోర్డు కార్యాలయం విజయవాడలో, క్షేత్రం ఏలూరు జిల్లా వేగివాడలో ఉన్నాయి. పురుగుల విషయం అడగడానికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దగ్గరే ఉంది. బీమా కట్టని మనిషిని చెట్టెక్కించడం రైతుకూ మంచిది కాదు, ఆ ఇంటికీ మంచిది కాదు.

ఆరు రోజులు కుదరక ఊళ్లోనే నేర్చుకునేవాళ్లు ఒక క్రమం పాటించాలి. మొదటి రోజంతా బిగించడం, విప్పడం, అడుగు ఎత్తులో నిలబడి బరువు మార్చడం. రెండో రోజు మనిషెత్తు దాటకుండా ఎక్కి దిగడం, అదీ దిగడం మీదే ఎక్కువ. మాను చుట్టూ తిరగడం నేర్చుకున్నాకే కత్తి ఇవ్వాలి. కత్తి నడుముకు వెనక వైపు ఒరలో ఉండాలి, చేతికి కట్టుకోకూడదు. పాత చెయ్యి పక్కన నిలబడి కింద నుంచి ఏ గెల కోయాలో చెబుతుంటే వారం రోజుల్లో కళ్లు అలవాటుపడతాయి. ఎక్కబోయే ముందు తల వైపు చూసి, మాను మీద నాలుగు దెబ్బలు వేసి, కందిరీగల పట్టు ఉందేమో కనిపెట్టడం మరచిపోకూడదు. యంత్రం మీద ఉన్నవాడు కందిరీగలు లేస్తే మోకు మీద ఉన్నవాడిలా జర్రున దిగలేడు.

చూసుకోవాల్సిన మరమ్మతు పెద్దగా లేదు. రోజూ పనికి ముందు తాడును గుడ్డతో పట్టుకుని పొడుగునా జరపాలి. గుడ్డకు తీగ ముక్క తగులుకుంటే ఆ తాడు పని అయిపోయినట్టే, ముడి వేసి వాడకూడదు. రబ్బరు తొడుగు అరిగి ఉక్కు బయటపడితే మాను కోసుకుపోతుంది, జారుడూ పెరుగుతుంది. కొక్కేలు, నట్లు, పెడల్ దగ్గరి వెల్డింగు వారానికోసారి చూసుకోవాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, పని అయ్యాక తుడిచి నూనె గుడ్డ రాసి పెట్టాలి. నట్లకు నూనె వేసేటప్పుడు తాడుకూ పెడల్‌కూ అంటకుండా చూడాలి.

దుకాణానికి వెళ్లే ముందు తోటలో అన్నిటికన్నా లావైన చెట్టుకు, ఉబ్బు దాటాక, పురికొస చుట్టి కొలత తీసుకోండి. సన్నటి చెట్టుకు మట్టల కిందుగా ఎంత ఉంటుందో కూడా అంచనా వేసి మరో ముక్క కోసుకోండి. ఆ రెండు ముక్కలూ పట్టుకెళ్లి, తాడు అంత పెద్దదిగానూ అంత చిన్నదిగానూ సర్దుకుంటుందో లేదో అక్కడే వేసి చూడండి. సర్దుకోకపోతే ఎంత తక్కువకు ఇస్తానన్నా వదిలేసి రండి.